పాత షెవర్లే పికప్‌లో నేల కింద బ్యాటరీ: కటాఫ్ స్విచ్ ఎక్కడ పెట్టాలి, ఎలాంటిది పెట్టాలి

విశాఖలోని లాసన్స్ బే కాలనీ నుంచి వచ్చిన ప్రశ్న ఇది. తాతగారు వాడిన 1951 మోడల్ షెవర్లే 3100 పికప్. ఇప్పటికీ 6 వోల్టులే, ఇంజిన్‌తో తిరిగి బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో కూడా పాతదే. బ్యాటరీ క్యాబిన్ నేల కింద, పక్క సీటులో కూర్చునేవాళ్ల కాళ్ల దగ్గర ఉంది. బండి నెలకు ఒకటి రెండుసార్లే బయటికి వస్తుంది, వచ్చినప్పుడల్లా బ్యాటరీ డౌన్. మ్యాట్ ఎత్తి, రేకు స్క్రూలు విప్పి, టెర్మినల్ ఊడదీసి పెట్టడం విసుగొచ్చింది కాబట్టి, తిప్పగానే బ్యాటరీ కనెక్షన్ తెంపే కటాఫ్ స్విచ్ వేద్దామనుకుంటున్నారు. ఏ స్విచ్ కొనాలి, ప్లస్‌కు వేయాలా మైనస్‌కు వేయాలా, ఎక్కడ బిగించాలి అని అడిగారు. మెకానిక్ మాత్రం బ్యాటరీనే సీటు వెనక్కో తొట్టిలోకో మార్చేద్దామంటున్నాడట. చివర్లో, ఈ పాత వైరింగ్‌తో బండి తగలబడుతుందేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉందని కూడా రాశారు.

నేను గాజువాక ఆటోనగర్‌లో పాత బండ్ల ఎలక్ట్రికల్ పని చేస్తాను. అంతకుముందు ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల వైరింగ్ చేశాను. మీరు చివర్లో రాసిన ఆ టెన్షన్ దగ్గరే మొదలుపెడతాను. స్విచ్ ఎక్కడ పెట్టాలన్నది దాన్నిబట్టే తేలుతుంది.

మీ బండిలో బ్యాటరీ నుంచి లావు వైరు నేరుగా సెల్ఫ్ మోటార్‌కు వెళ్తుంది. కాలితో పెడల్ తొక్కితే సెల్ఫ్ మీదున్న స్విచ్ కలుస్తుంది, ఇంజిన్ తిరుగుతుంది. ఈ లావు వైరుకు ఫ్యూజు లేదు. సెల్ఫ్ తిరిగేటప్పుడు వందల ఆంపియర్లు లాగుతుంది కాబట్టి సాధారణ ఫ్యూజు అక్కడ నిలవదు, అందుకే కంపెనీ వాళ్లు పెట్టలేదు. సెల్ఫ్ దగ్గర ఆ వైరు బిగించిన స్టడ్ (మరల కడ్డీ) నుంచే ఇంకో వైరు పైకి, డాష్‌బోర్డులో కరెంటు చూపించే ఆంమీటర్‌కు పోతుంది. ఇగ్నిషన్, లైట్లు, హారన్ అన్నీ అక్కడి నుంచే. తాళం తీసేసి మీరు ఇంట్లో పడుకున్నా ఈ రెండు వైర్లలో కరెంటు ఉంటుంది.

ఆ కాలపు వైరుకు రబ్బరు, దాని మీద నూలు అల్లిక ఉంటుంది. డెబ్బై ఏళ్ల ఇంజిన్ వేడికి, ఆయిల్‌కు ఆ రబ్బరు గట్టిపడిపోతుంది. వైరు వంపు తిరిగే చోట గోటితో నొక్కి చూడండి, పెంకులా రాలి లోపలి రాగి కనిపిస్తే ఆ వైరు పని అయిపోయినట్టే. అలాంటి చోట ఛాసిస్ అంచు రాసుకుంటే ఆపేది ఏదీ లేదు. బ్యాటరీలో ఉన్న శక్తి మొత్తం ఆ ఒక్క చోట వేడిగా మారిపోతుంది. పైగా ఈ మోడల్లో పెట్రోల్ ట్యాంకు క్యాబిన్‌లోనే, సీటు వీపు వెనక ఉంటుంది.

అంటే కటాఫ్ స్విచ్ ముఖ్యంగా నిప్పును ఆపడం కోసం, బ్యాటరీ దిగిపోకుండా చూడడం దాని రెండో పని. ఛార్జ్ కాపాడుకోవడానికే అయితే స్విచ్ ఎక్కడున్నా ఫరవాలేదు, తీరిగ్గా విప్పుకోవచ్చు. వైరు కాలుతున్న వాసన వచ్చినప్పుడు మాత్రం మ్యాట్ ఎత్తకుండా, స్క్రూడ్రైవర్ వెతక్కుండా, డ్రైవర్ సీటులోంచి చెయ్యి చాపితే అందాలి. ఎడమ తలుపు తెరిచిన మనిషికి కూడా బయట నిలబడే అందాలి. ఈ రెండూ కుదరని చోట పెట్టిన స్విచ్ మీద డబ్బు వృథా అని నా అభిప్రాయం.

అయితే స్విచ్ కొనే ముందు ఒక పని చేయాలి. బ్యాటరీ ఎందుకు దిగుతోందో కనుక్కోండి. మీ బండిలో కంప్యూటర్ లేదు, అలారం లేదు, సెంట్రల్ లాక్ లేదు. తాళం తీసేశాక ఏమీ లాగకూడదు. గడియారం ఉంటే అది లాగేది చాలా తక్కువ. లెక్క చూడండి. 20 మిల్లీఆంపియర్లు లీకైతే రోజుకు అర ఆంపియర్-అవర్ కూడా పోదు, రెండు వారాలకు 7 దాకా పోతుంది. 100 ఆంపియర్-అవర్ బ్యాటరీకి అదొక లెక్కలోనిది కాదు. అదే అర ఆంపియర్ లీకైతే రోజుకు 12 పోతుంది, తొమ్మిది రోజులు తిరగకుండానే బ్యాటరీ ఖాళీ. మీ బ్యాటరీ మరీ ముసలిది కాకపోతే మీ దగ్గర జరుగుతున్నది రెండో రకమే అయుండాలి.

చూడడం తేలిక. అన్నీ ఆఫ్ చేసి ఎర్త్ టెర్మినల్, అంటే బండి బాడీకి కలిపిన వైపుది (మీకు మైనస్), ఊడదీయండి. ఊడిన వైరుకూ బ్యాటరీ పోస్టుకూ మధ్య ముందు ఒక 6 వోల్టుల బల్బు పెట్టండి. బల్బు వెలిగితే పెద్ద లీకేజీ ఉన్నట్టు, దాన్ని వెతకాలి. వెలగకపోతే బల్బు తీసేసి మల్టీమీటర్‌ను 10 ఆంపియర్ల రేంజిలో అదే చోట పెట్టండి. మీటర్ పెట్టి ఉండగా సెల్ఫ్ పెడల్ మీద కాలు పడిందంటే మీటర్‌లోని ఫ్యూజు ఎగిరిపోతుంది, జాగ్రత్త. రీడింగ్ కనిపిస్తే ఒక్కో వైరే విప్పుతూ ఎప్పుడు సున్నాకు పడుతుందో చూడాలి. బ్రేక్ లైటు స్విచ్ అతుక్కుపోవడం, క్యాబిన్ దీపం, ఎవరో తర్వాత తగిలించిన హారన్ రిలే లాంటివి మామూలుగా దొరికేవి.

నేను ముందుగా అనుమానించేది మాత్రం కటౌట్‌ని. ఫైర్‌వాల్ మీద, అంటే ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య రేకు మీద ఉండే రెగ్యులేటర్ డబ్బాలో మూడు కాయిళ్లుంటాయి, వాటిలో ఒకటి కటౌట్. డైనమో తగినంత వోల్టేజీ ఇస్తున్నప్పుడు దాని పాయింట్లు కలిసి బ్యాటరీని ఛార్జ్ చేస్తాయి, ఇంజిన్ ఆగగానే విడిపోవాలి. మన ఊరి గాలికి ఆ పాయింట్ల మీద పొర పడుతుంది, పాయింట్లు కాలి గుంతలు పడతాయి, ఒక్కోసారి అతుక్కుపోతాయి. అతుక్కుంటే ఇంజిన్ ఆగాక బ్యాటరీలోంచి కరెంటు వెనక్కి డైనమోలోకి పోతుంది. ఇంజిన్ ఆపి గంట అయ్యాక డైనమో బాడీ మీద చెయ్యి వేయండి. చుట్టుపక్కల ఇనుము చల్లారినా డైనమో వేడిగానే ఉంటే, ఆంమీటర్ ముల్లు డిశ్చార్జ్ వైపు బాగా వాలి ఉంటే, దొంగ దొరికినట్టే. ఈ తప్పు ఉండగా పైన కటాఫ్ స్విచ్ వేస్తే రోగం కనిపించకుండా పోతుంది, తగ్గదు. మీరు ఎక్కడో టీ తాగడానికి బండి ఆపి, ఐదు నిమిషాలే కదా అని స్విచ్ తిప్పకుండా దిగిన రోజున డైనమో వైండింగ్ కాలిపోవచ్చు. దాన్ని మళ్లీ చుట్టించే ఖర్చుతో పోలిస్తే కటౌట్ పాయింట్లు శుభ్రం చేయించడం ఎంతో చవక.

ఇంకో లీకేజీ ఉంది, దాన్ని ఏ స్విచ్చూ ఆపలేదు. సముద్రం దగ్గర ఉన్నవాళ్లు దీన్ని తప్పకుండా చూడాలి. మల్టీమీటర్‌ను వోల్టులకు పెట్టి, నల్ల ప్రోబ్ మైనస్ పోస్టుకు ఆనించి, ఎర్ర ప్రోబ్‌ను బ్యాటరీ పైమూత ప్లాస్టిక్ మీద మెల్లగా జరుపుతూ వెళ్లండి. ప్లాస్టిక్ మీద ఏమీ చూపించకూడదు కదా. మీది రోడ్డు నీళ్లు తగిలే చోట, నేల కింద ఉన్న బ్యాటరీ కాబట్టి అర వోల్టో ఒక వోల్టో చూపించినా ఆశ్చర్యపోకండి. మూతల సందుల్లోంచి వచ్చిన ఆసిడ్ తేమ, ఉప్పు, దుమ్ము కలిసి ఒక పొర కట్టాయన్నమాట. ఆ పొరలోంచి ప్లస్ పోస్టు నుంచి మైనస్ పోస్టుకు రాత్రీ పగలూ కొద్దికొద్దిగా కరెంటు పారుతుంది. మూతలు గట్టిగా బిగించి, గోరువెచ్చని నీళ్లలో వంట సోడా కలిపి గుడ్డతో తుడవండి. నురగ రావడం ఆగేదాకా తుడిచి, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. సోడా నీళ్లు సెల్స్‌లోకి మాత్రం పోకూడదు, ఆసిడ్ పాడవుతుంది. మళ్లీ ప్రోబ్ పెట్టి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

ఇక బ్యాటరీని మార్చడం గురించి. నా సలహా మార్చవద్దనే. సీటు వెనక పెట్రోల్ ట్యాంకు ఉంది, దాని పక్కన బ్యాటరీ పెట్టే ఆలోచనే వదిలేయండి. ఛార్జ్ అయ్యే బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో అది 4 శాతం చేరితే చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. ఆ గ్యాసూ పెట్రోల్ ఆవిరీ మూసిన క్యాబిన్‌లో కలవడం ఎవరికీ మంచిది కాదు.

తొట్టిలోకి మారిస్తే ఆ భయం తగ్గుతుంది కానీ వైరు పొడవు పెరుగుతుంది, 6 వోల్టుల బండిలో అసలు చిక్కు అక్కడే. అదే పనికి 12 వోల్టుల బండికి కావాల్సిన దానికి రెట్టింపు కరెంటు దీనికి కావాలి, నష్టాన్ని భరించే వోల్టేజీ ఏమో సగమే ఉంది. 300 ఆంపియర్లు లాగే సెల్ఫ్ అనుకోండి. 16 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మీటరుకు సుమారు 1.15 మిల్లీఓమ్‌లు ఉంటుంది. రానూ పోనూ కలిపి రెండు మీటర్లకే 0.7 వోల్టు వైరులోనే పోతుంది. ఉన్నదే ఆరు, సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీ వోల్టేజీ ఇంకా తగ్గుతుంది. అదే 70 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే నష్టం 0.16 వోల్టు. తొట్టిలోకి వెళ్తే పొడవు రెండింతలో మూడింతలో అవుతుంది, ఎంత లావు వేసినా పూర్తిగా సరిపెట్టలేం. కంపెనీ వాళ్లు బ్యాటరీని నేల కింద పెట్టడంలో తెలివి ఉంది. అక్కడి నుంచి సెల్ఫ్ దగ్గర, వైరు పొట్టి, ఇంజిన్ వేడికి కాస్త దూరం. చెడ్డదల్లా అందుబాటు ఒక్కటే. దాన్ని బాగుచేస్తే సరిపోతుంది.

బాగుచేయడం అంటే నేల మీది మూత సంగతి చూడాలి. చాలా బండ్లలో ఆ రేకు స్క్రూలు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. విప్పడం కష్టమని ఎవరూ విప్పరు, విప్పరు కాబట్టి లోపల నీళ్లు తగ్గినా తెలియదు, ట్రే తుప్పుపట్టి చిల్లులు పడినా తెలియదు. స్విచ్ వేయించుకున్నాక ఈ నిర్లక్ష్యం ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే అప్పటిదాకా టెర్మినల్ ఊడదీయడానికైనా మూత తీసేవారు. అందుకే స్విచ్ పని కన్నా ముందు మూత పని చేయించండి. పాత స్క్రూల చోట పావు తిప్పుతో ఊడే ఫాస్టెనర్లు వేయించుకోవచ్చు. అవి దొరక్కపోతే, కింద నట్లు వెల్డింగ్ చేయించి పైన చేత్తో తిప్పే స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు వేయండి. మరలకు కొంచెం గ్రీజు రాస్తే వచ్చే వర్షాకాలానికి కూడా చేత్తోనే తిరుగుతాయి. రబ్బరు మ్యాట్‌ను ఆ మూత కొలతకు విడిగా కోసి పెట్టుకుంటే మొత్తం మ్యాట్ ఎత్తే పని ఉండదు.

మూత తీసినప్పుడు దాని లోపలి వైపు చూడండి. నల్లగా కాలిన మచ్చో, రేకు కరిగినట్టు చిన్న గుంటో కనిపిస్తే ఎప్పుడో టెర్మినల్ తగిలిందని అర్థం. ఇప్పుడు మార్కెట్‌లో దొరికే బ్యాటరీలు పాత కొలతల్లో ఉండకపోవచ్చు, ఎత్తు ఎక్కువ కావచ్చు. ఎవరైనా కాలు బలంగా మోపితే రేకు వంగి ప్లస్ పోస్టుకు తగులుతుంది. నేల మొత్తం ఎర్త్ కాబట్టి అది నేరుగా షార్ట్, అదీ మనిషి పాదాల కింద. పోస్టు పైభాగానికీ మూతకూ మధ్య కనీసం రెండున్నర సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. కొలవడానికి మైదా ముద్ద ఒకటి పోస్టు పక్కన ప్లాస్టిక్ మీద పెట్టి, మూత బిగించి, మళ్లీ తీసి, నొక్కుకున్న ముద్ద పోస్టు కన్నా ఎంత ఎత్తు ఉందో చూడండి. ఖాళీ చాలకపోతే ట్రే దించాలి లేదా వేరే సైజు బ్యాటరీ చూడాలి. ఎంత ఖాళీ ఉన్నా మూత అడుగున మందపాటి రబ్బరు షీటు అతికించండి, ప్లస్ టెర్మినల్‌కు రబ్బరు తొడుగు వేయండి. గాలి మాత్రం ఆడాలి, రబ్బరుతో చుట్టూ సీలు చేసేయకండి.

ట్రే గురించి కూడా ఒక మాట. అడుగున నీళ్లు కారిపోయే రంధ్రాలు బురదతో పూడుకుపోతే బ్యాటరీ ఉప్పునీళ్లలో నిలబడినట్టే. రంధ్రాలు తెరిపించండి. తుప్పు గీకించి, సోడా నీళ్లతో కడిగించి, ఎపాక్సీ ప్రైమర్, పైన పెయింట్ వేయించండి. బ్యాటరీని పైనుంచి నొక్కి పట్టే క్లాంపు తప్పనిసరి. అరకు ఘాట్‌లోనో సింహాచలం కొండ మీదనో మలుపు తిరిగేటప్పుడు వదులుగా ఉన్న బ్యాటరీ జరిగి రేకుకు తగులుతుంది.

ఇప్పుడు స్విచ్. దుకాణంలో ముందు చూపించేది టెర్మినల్ మీద నేరుగా కూర్చునే రకం, ఆకుపచ్చ గుండు తిప్పితే వదులయ్యేది. చవక, వైరింగ్ కదపనక్కర్లేదు. మీకు మాత్రం పనికిరాదు. అది కూడా మూత కిందే ఉంటుంది, చెయ్యి అందదు. పైగా టెర్మినల్ ఎత్తును ఇంకా పెంచి మూతకు దగ్గర చేస్తుంది. ఇత్తడి మరలు అరిగాక సరిగ్గా బిగియదు, 6 వోల్టుల సెల్ఫ్ కరెంటుకు వేడెక్కుతుంది. కత్తిలా పైకి ఎత్తే రకం దానికన్నా మేలే కానీ ఎత్తు సమస్య దానికీ ఉంది.

సన్నటి ఎర్ర ప్లాస్టిక్ తాళంచెవితో తిరిగే చిన్న స్విచ్‌లు ఆన్‌లైన్‌లో బోలెడు. వాటిలో కొన్నిటి లోపలి రాగి పలకలు బలహీనంగా ఉంటాయి. ఆ తాళంచెవులు దాదాపు అన్నీ ఒకే నమూనా కాబట్టి దొంగల నుంచి రక్షణ అని కూడా అనుకోవద్దు. నా ఓటు లారీలకు, బస్సులకు వేసే పెద్ద మాస్టర్ స్విచ్‌కో, బోట్లకు వాడే రోటరీ స్విచ్‌కో. హార్బర్ దగ్గర బోటు సామాన్లు అమ్మే షాపుల్లో అడగండి, ఉప్పుగాలికి తట్టుకునేలా తగరం పూత పూసిన స్టడ్‌లతో వచ్చేవి ఉంటాయి. డబ్బా మీద రెండు అంకెలు చూడాలి. నిరంతరంగా మోసే కరెంటు 200 ఆంపియర్లకు తగ్గకూడదు, కొన్ని సెకన్ల పాటు మోసేది 1000 దగ్గర ఉండాలి. వైరు బిగించే స్టడ్ 10 మిల్లీమీటర్లు ఉంటే మంచిది. ఒక్కటే అంకె రాసి, అది నిరంతరానిదో క్షణికమైనదో చెప్పని డబ్బాను పక్కన పెట్టేయండి.

ప్లస్‌కా మైనస్‌కా అన్నారు. ఎర్త్ వైపు వేయండి. మీ షెవర్లేకు మైనస్ ఎర్త్, కాబట్టి మైనస్ వైరులో. ఇది చదివే మిగతావాళ్లు తమ బండి చూసుకోవాలి. 1955 దాకా వచ్చిన ఫోర్డ్, డాడ్జ్ బండ్లలో 6 వోల్టులతో ప్లస్ ఎర్త్ ఉంటుంది, వాళ్లకు ఎర్త్ అంటే ప్లస్. ఎర్త్ వైపు ఎందుకంటే, స్విచ్ దాకా వెళ్లే వైరు ఎక్కడైనా రాసుకుని ఛాసిస్‌కు తగిలినా జరిగే నష్టం స్విచ్ పనిచేయకపోవడమే, నిప్పు పుట్టదు. ప్లస్‌లో వేస్తే బ్యాటరీ నుంచి స్విచ్ దాకా ఉన్న ముక్క ఎప్పటికీ ప్రాణంతోనే ఉంటుంది. క్యాబిన్‌లోకి ఫ్యూజు లేని లావు ప్లస్ వైరు తెచ్చి, రేకుకు చేసిన రంధ్రంలోంచి దూర్చడమంటే మనం తప్పించుకోవాలనుకున్న ప్రమాదాన్ని మనమే కొనితెచ్చుకోవడం.

ఎర్త్ వైపు వేసేటప్పుడు ఒకటి చూడాలి. బ్యాటరీ మైనస్ పోస్టు నుంచి బయల్దేరే ప్రతి వైరూ స్విచ్ గుండానే పోవాలి. పాత బండ్లలో ఎవరో ఎప్పుడో హారన్‌కో స్టీరియోకో మైనస్ పోస్టు నుంచి సన్న వైరు విడిగా లాగి ఉంటారు. స్విచ్ ఆఫ్ చేసినా ఆ సన్న వైరు గుండా బండి మొత్తం బతికే ఉంటుంది. సెల్ఫ్ తొక్కితే ఆ సన్న వైరే వందల ఆంపియర్లు మోయాల్సి వచ్చి ఎర్రగా కాలుతుంది. మైనస్ పోస్టుకు ఒకే వైరు, అది స్విచ్‌కు. మిగతా ఎర్త్‌లన్నీ స్విచ్ అవతలి వైపు, ఛాసిస్‌కు. పని అయ్యాక స్విచ్ ఆఫ్ చేసి హెడ్‌లైట్, హారన్ రెండూ నొక్కి చూడండి. రెండూ చచ్చి ఉండాలి.

స్థలం విషయానికొస్తే, సీటు ముందు అంచు కింద నిలువుగా ఉండే రేకు మీ బండికి సరైన చోటు. మధ్యకు కొంచెం ఎడమగా, సీటు అంచు నీడలో. అక్కడ డ్రైవర్ ఎడమ చెయ్యి అందుతుంది, ఎడమ తలుపు తెరిచినవాళ్లకూ అందుతుంది, ఎక్కే దిగే కాళ్లు తగలవు. బ్యాటరీ నుంచి దూరం కూడా తక్కువ. రేకుకు రంధ్రం చేయడానికి మనసొప్పకపోతే, ఇనుప పట్టీ ఒకటి వంచి సీటు బోల్టులకే బిగించండి, తర్వాత తీసేసినా బండి మీద మచ్చ ఉండదు. సీటు వెనక, ట్యాంకు పక్కన వద్దే వద్దు. బ్యాటరీ పెట్టె లోపలా వద్దు. స్విచ్ తిప్పేటప్పుడు లోపల రవ్వ పుడుతుంది, గ్యాసు ఉండే చోట అది ఉండకూడదు. ఇదే కారణంగా, బ్యాటరీని ఛార్జర్ మీద పెట్టి తీశాక మూత, తలుపులు తెరిచి కాసేపు గాలాడనిచ్చి అప్పుడు స్విచ్ తిప్పండి.

వైరు 70 చదరపు మిల్లీమీటర్లది తీసుకోండి, 50కి తగ్గవద్దు. బ్యాటరీ షాపులో రెడీమేడ్‌గా దొరికేవి 12 వోల్టుల కార్ల కోసం చేసినవి, పైతొడుగు లావుగా కనిపించినా లోపల రాగి తక్కువ. వెల్డింగ్ కేబుల్ మంచి పని చేస్తుంది, సన్న పోగులు కాబట్టి బాగా వంగుతుంది, కానీ అసలైన రాగిదే అడిగి తీసుకోండి. అల్యూమినియం మీద రాగి పూతవి కూడా అమ్ముతున్నారు. ఒక పోగు కత్తితో గీస్తే లోపల తెల్లగా కనిపిస్తే అది వద్దు. వైరు చివర తొడిగే లగ్గులను సుత్తితో కొట్టి బిగించే పద్ధతి మానేయండి. ఆటోనగర్‌లో కరెంటు ప్యానెల్ బోర్డులు చేసేవాళ్ల దగ్గర హైడ్రాలిక్ క్రింపింగ్ మిషన్ ఉంటుంది, వైర్లు తీసుకెళ్తే అక్కడికక్కడ నొక్కి ఇస్తారు. మీద జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ (వేడికి బిగుసుకునే తొడుగు) వేయించండి. మన ఊళ్లో ఇది ఎందుకు ముఖ్యమో పాత వైరు ఒకటి చీల్చి చూస్తే తెలుస్తుంది. లగ్గు పైకి నిగనిగలాడుతుంటుంది, తొడుగు నాలుగు వేళ్ల మేర కోస్తే లోపల రాగి నల్లబడి, ఆకుపచ్చ పొడి రాలుతూ ఉంటుంది. ఉప్పుతేమ లగ్గు సందులోంచి దూరి పోగుల వెంట లోపలికి పాకుతుంది. బయటికి ఏమీ తెలియదు, సెల్ఫ్ మాత్రం రోజురోజుకూ నీరసిస్తుంది, అందరూ బ్యాటరీని తిడతారు.

ఛాసిస్ మీద ఎర్త్ బిగించే చోట పెయింట్ తీసి ఇనుము మెరిసేదాకా రుద్దండి, పళ్లున్న వాషర్ వేసి బిగించి, బిగించాకే పైన గ్రీజో వాజలీనో పూయండి. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు ఉండే అల్లిక పట్టీని కూడా ఇదే సందట్లో మార్చేయండి. ఇంజిన్ కింద రబ్బరు మౌంట్లున్నాయి, సెల్ఫ్ కరెంటు తిరిగి రావాల్సిన దారి ఆ పట్టీయే.

అన్నీ అయ్యాక పని ఎలా వచ్చిందో మల్టీమీటరే చెబుతుంది. వోల్టుల రేంజిలో రెండు ప్రోబ్‌లూ స్విచ్ రెండు స్టడ్‌లకు ఆనించి, ఇంకొకరిని సెల్ఫ్ తొక్కమనండి. స్విచ్ మీద 0.1 వోల్టు లోపే చూపించాలి. 0.3 చూపిస్తే 300 ఆంపియర్ల దగ్గర ఒక మిల్లీఓమ్ అడ్డు ఉన్నట్టు, అంటే ఆ చిన్న డబ్బాలో 90 వాట్ల వేడి పుడుతోంది. స్విచ్ మార్చండి, లేదా స్టడ్ నట్లు సరిగ్గా బిగిశాయో లేదో చూడండి. ఇదే పరీక్ష మైనస్ పోస్టు నుంచి ఇంజిన్ బ్లాకు దాకా కూడా చేయండి. ఏటా వర్షాలు వెళ్లాక ఒకసారి చేస్తే పాడవుతున్న జాయింటు ముందే దొరికిపోతుంది.

ఆంమీటర్‌కు పోయే వైరు గురించి మర్చిపోవద్దు. సెల్ఫ్ స్టడ్ దగ్గరే, ఆ వైరు మొదట్లో, ఒక మంచి బోల్టు-టైపు ఫ్యూజు వేయించండి. డైనమో ఇచ్చే గరిష్ఠ ఆంపియర్ల కన్నా కాస్త ఎక్కువ, ఆ వైరు తట్టుకునేదాని కన్నా తక్కువ ఉండాలి. వైరు సన్నదై ఈ రెండూ కుదరకపోతే వైరే మార్చాలి. బండి నడుస్తుండగా పుట్టే షార్ట్‌కు స్విచ్ కన్నా ముందు స్పందించేది ఈ ఫ్యూజే.

వాడకంలో ఇంట్లో అందరికీ తెలియాల్సిన సంగతి ఒకటుంది. నడుస్తున్న ఇంజిన్ ఈ స్విచ్ తిప్పితే ఆగకపోవచ్చు. డైనమో ఇగ్నిషన్‌కు కరెంటు ఇస్తూనే ఉంటుంది. పొగ కనిపిస్తే ముందు ఇగ్నిషన్ తాళం ఆఫ్, వెంటనే కటాఫ్, తర్వాత అందరూ కిందికి. మామూలు రోజుల్లో ఇంజిన్ తిరుగుతుండగా స్విచ్ ముట్టుకోకూడదు. డైనమో బండిలోనే వోల్టేజీ ఎగిరి బల్బులు పోయే అవకాశం ఉంది, డైనమో బదులు ఆల్టర్నేటర్ వేసుకున్న బండ్లలో అయితే డయోడ్లు, రెగ్యులేటర్ క్షణంలో పోతాయి. రేసు బండ్లలో ఆరు టెర్మినళ్ల స్విచ్, దానికో రెసిస్టర్ పెట్టేది ఈ కారణంగానే. మీకు అదంతా అక్కర్లేదు.

తుఫాను రోజుల గురించి కూడా చెప్పాలి. అక్టోబరు, నవంబరు వస్తే మనకు ఈ బెంగ ఉండనే ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఛార్జర్ ఉన్నా లాభం లేకపోయింది. హెచ్చరిక రాగానే స్విచ్ ఆఫ్ చేయండి. నీళ్లు నిలిచే చోట బండి ఉంటే స్విచ్‌తో సరిపెట్టుకోక బ్యాటరీనే బయటికి తీసి ఎత్తున పెట్టండి. మీ బండిలో బ్యాటరీ క్యాబిన్ నేలకు కింద ఉంది, వీధిలో మోకాలి లోతు నీళ్లొస్తే ముందు మునిగేది అదే. ఉప్పు కలిసిన నీళ్లు రెండు పోస్టులనూ కలిపేస్తాయి, అక్కడ స్విచ్ చేయగలిగింది ఏమీ లేదు. తీసేటప్పుడు ఎర్త్ ముందు, పెట్టేటప్పుడు ఎర్త్ చివర. పానా పొరపాటున రేకుకు తగిలినా మంట రాకుండా ఉండేది ఈ వరస పాటిస్తేనే.

స్విచ్ ఆఫ్‌లో ఉన్నా బ్యాటరీ దానంతట అది కొంత దిగుతుంది, వేసవిలో ఇంకా త్వరగా. 6 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే 6.3 పైన చూపిస్తుంది. 6.2కి వచ్చిందంటే ఛార్జ్ పెట్టండి, 6.1 దాకా రానివ్వకండి. ఛార్జర్ 6 వోల్టులదే వాడాలి.

12 వోల్టులకు మార్చాలా అని ఎవరో తప్పకుండా అడుగుతారు. వైర్లు, ఎర్త్‌లు సరిగ్గా ఉంటే ఈ బండి 6 వోల్టులతో చక్కగా స్టార్ట్ అవుతుంది, తయారైనప్పుడు అయ్యింది కదా. అసలు రూపంలో ఉన్న బండిని అలాగే ఉంచమనే నేను చెబుతాను.

ముందు కటౌట్ పరీక్ష, పైమూత ప్రోబ్ పరీక్ష చేసి రీడింగులు రాయండి. ఎర్త్ వైరు ఊడదీసినప్పుడు వచ్చిన మిల్లీఆంపియర్లు, ఇప్పుడున్న లావు వైరులో తొడుగు కాకుండా రాగి మందం, మూతకూ ప్లస్ పోస్టుకూ మధ్య ఖాళీ, ఈ మూడూ కావాలి. రెగ్యులేటర్ డబ్బా మీద నంబరు కనిపిస్తే అది కూడా పెట్టండి. పాయింట్లు శుభ్రం చేస్తే సరిపోతుందా, డబ్బా మొత్తం మార్చాలా అన్నది దాన్ని చూశాక చెబుతాను.